రైలుకు కరెంటు కావాలి, సబ్‌స్టేషన్ ఎవరి ఇంటి పక్కన?

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వరకు ఉన్న 104 కిలోమీటర్ల ఒంటి లైనును జంట లైనుగా మార్చడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. ఎదురు బండి దాటేదాకా చిన్న స్టేషన్లో కాచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరూ ఈ పనిని కాదనరు, నేనూ కాదనను. అయితే రెండో లైను పడితే బండ్లు పెరుగుతాయి, బండ్లు పెరిగితే పట్టాల మీది తీగకు అందించవలసిన కరెంటు పెరుగుతుంది, దానికోసం ఉన్న సబ్‌స్టేషన్ల సామర్థ్యం పెంచడమో, కొత్తవి కట్టడమో అవసరమయ్యే రోజు వస్తుంది. ఆ రోజున స్థలాన్ని ఏ లెక్కన ఎంచుతారు, ఎవరికి చెప్పి ఎంచుతారు అన్నది నా ప్రశ్న. పట్టాల వెంబడే చంద్రగిరి దాకా ఇళ్ళు అల్లుకుపోయిన ఈ రోజుల్లో ఇది ఏదో ఒక కాలనీ గొడవ అని పక్కన పెట్టగలిగిన విషయం కాదు.

నా ఉద్యోగ జీవితమంతా 132 కేవీ (లక్షా 32 వేల వోల్టుల) సబ్‌స్టేషన్ యార్డుల్లోనూ, టవర్ లైన్ల కిందా గడిచింది. ఇప్పుడు ఉంటున్న ఇల్లు తిరుపతికి పడమర, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఉంది. అందువల్ల యార్డు లోపల నిలబడి మాట్లాడేవాళ్ళ మాటా నాకు అర్థమవుతుంది, ప్రహరీ అవతల పడుకునేవాళ్ళ భయమూ అర్థమవుతుంది. రైల్వే సబ్‌స్టేషన్ పట్టాల దగ్గర ఉండక తప్పదు. అది ఫలానా వీధి పక్కనే ఉండక తప్పదని అధికారులు చెప్పినప్పుడు మాత్రం, ఆ మాటకు ఆధారం చూపించమని అడిగే హక్కు ఆ వీధివాళ్ళకు ఉంది. చూపించే బాధ్యత స్థలం ఎంచినవాళ్ళకు ఉంది. నేను ఈ వ్యాసంలో వాదించేది ఇదే.

ముందుగా పట్టాల దగ్గరే ఎందుకో చెప్పుకోవాలి. మన దేశంలో కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు మొదలైనప్పుడు తీగలో ఉన్నది 1,500 వోల్టుల డీసీ. అంత తక్కువ వోల్టేజీతో కరెంటును దూరం పంపలేరు కాబట్టి కొద్ది కిలోమీటర్లకొక సబ్‌స్టేషన్ కట్టవలసి వచ్చేది. 1950ల చివర మన రైల్వేలు 25 కేవీ ఏసీ పద్ధతిని ఎంచుకున్నాక ఆ దూరం ఒక్కసారిగా పెరిగింది. సాధారణంగా 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్, అంటే రైళ్ళకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్, సరిపోతుంది. రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ సంస్థ గ్రిడ్ నుంచి 132 కేవీ గానీ, 220 కేవీ గానీ రెండు ఫేజులు తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌తో 25 కేవీకి దించి పట్టాల మీది తీగకు ఇస్తారు. ఇంజన్ వాడుకున్న కరెంటు పట్టాల గుండా, కొంత నేల గుండా తిరిగి సబ్‌స్టేషన్‌కే చేరాలి. ఆ తిరుగు దారి పొట్టిగా ఉండాలి కాబట్టి యార్డు పట్టాలకు ఆనుకుని ఉండడమే మేలు. ఇందులో వాదించడానికేమీ లేదు.

పట్టాల వెంబడి ఎక్కడ అన్న దగ్గర మాత్రం వెసులుబాటు ఉంది. తీగలో వోల్టేజీ 27.5 కేవీ దాటకూడదు, చిట్టచివర ఉన్న ఇంజన్ దగ్గర 19 కేవీకి తగ్గకూడదు అన్నది ప్రధానమైన నియమం. ఒక సబ్‌స్టేషన్ పడిపోయినప్పుడు పక్క సబ్‌స్టేషన్ దాని భాగాన్ని కూడా మోయగలగాలి. రెండు సబ్‌స్టేషన్ల మధ్య ఒకచోట, తీగలో కరెంటు లేని చిన్న ముక్క ఉంటుంది. దాన్ని న్యూట్రల్ సెక్షన్ అంటారు. డ్రైవరు అక్కడ బ్రేకర్ తెరిచి, అంటే ఇంజన్‌కు కరెంటు ఆపి, ఉన్న వేగంతోనే బండిని దాటించాలి. అది ఎత్తు ఎక్కేచోట గానీ, బండి సిగ్నల్‌కు ఆగేచోట గానీ పడితే బండి ఆ ముక్క కిందే నిలిచిపోయే ప్రమాదం ఉంది. సబ్‌స్టేషన్‌ను జరిపితే ఈ లెక్కలన్నీ కొంత కదులుతాయి. ఇంజనీర్ల ఈ ఇబ్బందిని నేను తేలిక చేయను. కానీ 40, 60 కిలోమీటర్ల దూరాల మధ్య లెక్క వేసుకునేటప్పుడు కిలోమీటరో, రెండు కిలోమీటర్లో అటూ ఇటూ జరపడానికి చాలా సందర్భాల్లో వీలుంటుంది. వీలు లేకపోతే వోల్టేజీ లెక్క కాగితం మీద పెట్టి, ఇదిగో ఇందువల్ల వీలు కాదు అని చూపించవచ్చు.

మరి ఇళ్ళ పక్క స్థలమే తరచు ఎందుకు ముందుకొస్తుంది? భూమి దొరికే తీరే దానికి కారణమని నా అనుభవం. స్టేషన్ దగ్గర రైల్వేకు ముందునుంచీ సొంత స్థలం ఉంటుంది. ఊరు కూడా స్టేషన్ చుట్టూరానే పెరిగి ఉంటుంది. సొంత స్థలం చాలకపోతే తరువాత చూసేది పోరంబోకు, గయాళు, అనాధీనం అని రికార్డుల్లో ఉండే ప్రభుత్వ భూములు. మన చిత్తూరు వైపు ఊళ్ళలో ఆ భూముల పక్కన ఎవరుంటారో అందరికీ తెలిసిందే: పట్టా భూమి కొనలేక, ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టా మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళు, ఊరి చివర కాలనీవాళ్ళు. భూసేకరణ నోటిఫికేషన్, పరిహారం, కోర్టు కేసు, ఇవేవీ లేకుండా పని మొదలవుతుంది కాబట్టి ఆ స్థలం ఫైలులో చవకగా కనిపిస్తుంది. ఆ చవకదనంలో పక్కింటివాడు రాత్రుళ్ళు భరించే మోతకు, అతని ఇంటి విలువలో తగ్గే భాగానికి లెక్క ఉండదు. ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారింది. మారిన ఖాతా ఎవరిదో ఫైలులో రాయరు.

ఇళ్ళవాళ్ళ వైపు మాట కూడా అంతే నిక్కచ్చిగా చూడాలి. సబ్‌స్టేషన్ అనగానే మొదట వినబడేది రేడియేషన్, క్యాన్సర్ అన్న మాటలు. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఎక్స్‌రే లాంటిది కాదు. కణాల్లోని అణువులను విరగ్గొట్టే శక్తి దానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2002లో ఈ క్షేత్రాలను ‘బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న 2బి వర్గంలో చేర్చింది. ఇళ్ళలో సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) కంటే ఎక్కువ క్షేత్రం ఉన్నచోట పిల్లల్లో లుకేమియా కొంచెం ఎక్కువగా కనిపించిందన్న అధ్యయనాలు అందుకు ఆధారం. ఆ క్షేత్రమే జబ్బుకు కారణమని మాత్రం ఇంతవరకు తేలలేదు. సాధారణ ప్రజలకు అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి 1998లో 100 మైక్రోటెస్లాలు, 2010లో దాన్ని 200కు పెంచారు. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరంతో చాలా త్వరగా పడిపోతుంది. యార్డు ప్రహరీ బయట కొలిచేది ఎక్కువగా యార్డులోకి వచ్చే తీగలది, బయటికి పోయే తీగలదే. పట్టాల పక్క ఇళ్ళకైతే రైలు తీగ క్షేత్రం సబ్‌స్టేషన్ ఉన్నా లేకపోయినా ఎలాగూ ఉంటుంది.

కాబట్టి క్యాన్సర్ వస్తుందని ప్లకార్డులు పట్టుకుని కూర్చుంటే, అధికారి 200 మైక్రోటెస్లాల కాగితం ఒకటి చూపించి లేచిపోతాడు, సభ అక్కడితో ముగుస్తుంది. అసలు అడగవలసినవి అడగకుండానే మిగిలిపోతాయి. ఇది నా కళ్ళ ముందు జరిగింది. ఊళ్ళోవాళ్ళు గట్టిగా అరిచిన ప్రశ్నకు పైవాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దామె అడిగినదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. "కరెంటు మాకొద్దని కాదు నాయనా, ఈడే ఎందుకో ఎవురూ చెప్పరే?" అన్నది ఆమె. మిగిలిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

నిజంగా పట్టించుకోవలసిన వాటిలో మొదటిది మోత. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్ అయస్కాంతత్వం వల్ల సెకనుకు వందసార్లు సాగి ముడుచుకుంటుంది, అందువల్ల 100 హెర్ట్జ్ మోత వస్తుంది. అది రాత్రీ పగలూ ఒకే తీరుగా ఉంటుంది. దాని మీద బండి లోడు మోత ఇంకొకటి. ఊరికి కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌లో లోడు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. రైల్వే ట్రాన్స్‌ఫార్మర్‌లో అలా కాదు. గూడ్స్ బండి స్టేషన్ నుంచి కదిలే క్షణంలో కరెంటు ఒక్క ఊపున ఎక్కుతుంది, లోపలి తీగ చుట్లు బిగుసుకున్నట్టు మోత బరువెక్కుతుంది, బండి దాటిపోయాక మళ్ళీ దిగుతుంది. యార్డులో డ్యూటీ చేసేవాడికి బండి వచ్చిందో లేదో ఆ మోతను బట్టే తెలిసిపోతుంది. తెల్లవారుజామున రెండింటికి వీధంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ప్రహరీకి ఆనుకున్న పడకగదిలో పడుకున్న మనిషికీ అది అలాగే తెలుస్తుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని మనవాళ్ళు తెలుసుకోవాలి. ఆ కొలత ‘ఎ’ వెయిటింగుతో చేస్తారు. ఆ పద్ధతిలో 100 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని దాదాపు 19 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తారు, ఎందుకంటే మన చెవికి తక్కువ స్థాయిలో ఆ గరగర తక్కువగా వినబడుతుంది. కానీ ఆ బరువైన మోత గోడల గుండా, మూసిన కిటికీల గుండా సన్నని శబ్దాల కంటే సులువుగా లోపలికి వస్తుంది. మీటరు నియమం లోపలే ఉందని చెబుతుంది, మనిషికి నిద్ర పట్టదు. ఇద్దరిదీ నిజమే. కాబట్టి శబ్దం కొలవమని అడిగేవాళ్ళు రాత్రిపూట, బండి లోడు ఉన్న సమయంలో, 100 హెర్ట్జ్ భాగాన్ని విడిగా చూపేలా కొలవమని అడగాలి. కొత్త స్థలమైతే ఇదివరకే నడుస్తున్న ఏదో ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్ దగ్గర కొలిచి, ఎంత దూరానికి ఎంత తగ్గుతుందో చూసి, ఆ దూరం ఇక్కడ ఉందా అని తేల్చుకోవచ్చు. ఇది పెద్ద ఖర్చు కాదు, ఒక రాత్రి పని.

రెండోది నూనె. ఇటువంటి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కోదానిలో వేల లీటర్ల నూనె ఉంటుంది, సాధారణంగా ఒకటి నడుస్తుంటే మరొకటి ఆపద్ధర్మంగా పక్కన ఉంటుంది. పేలుళ్ళు అరుదు, లోపాన్ని పసిగట్టే రిలేలు, కరెంటు ఆపే బ్రేకర్లు తమ పని తాము చేస్తాయి. అయినా ఆ అరుదైన రోజు కోసమే కింద కంకర నింపిన గుంత, రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య మంటలు దాటకుండా గోడ, ఫైరింజన్ తిరగడానికి దారి ఉండాలి. మొదటి రెండూ యార్డు లోపల కడతారు. మూడోది ఊరి వీధి మీద ఆధారపడి ఉంటుంది. ఆటో ఎదురైతే స్కూటరు పక్కకు దిగవలసిన సందుల్లోంచి ఫైరింజన్ ఎలా వెళ్తుందో స్థలం చూడటానికి వచ్చినవాళ్ళు ఆ సందులో నడిచి చూడాలి.

నీళ్ళ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఖాళీగా ఉంది కదా అని చూపించే పోరంబోకులో చాలా భాగం చెరువుదో, వంకదో, సప్లయ్ కాలువదో. అక్కడ మట్టి తోలి, మూడు నాలుగు అడుగులు ఎత్తు పెంచి యార్డు కడితే యార్డు మునగదు. ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోటికి పోవాలి కాబట్టి పక్క కాలనీలోకి పోతాయి. యార్డు నిలబడి ఊరు మునిగితే ఆ స్థలం ఎంపిక సరైనదని నేను ఒప్పుకోను.

అన్నిటికంటే పెద్దది, అందరూ మరిచిపోయేది, సబ్‌స్టేషన్‌కు వచ్చే టవర్ లైను. యార్డు ఒక మూలన ఉంటుంది. లైను గ్రిడ్ సబ్‌స్టేషన్ నుంచి అక్కడిదాకా ఊళ్ళ మీదుగా, తోటల మీదుగా నడిచి వస్తుంది. 132 కేవీ లైనుకు సాధారణంగా 27 మీటర్ల వెడల్పు దారి కావాలి, 220 కేవీకి 35 మీటర్లు. లైను ఐదు కిలోమీటర్లయితే 27 మీటర్ల చొప్పున 33 ఎకరాల పైచిలుకు నేల దాని కిందికి వస్తుంది. ఆ నేల యజమానిదే, పంట వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టుకోలేడు, మామిడి చెట్టు ఎత్తు పెరగనివ్వరు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలను 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ ద్వారా లైను వేసే సంస్థకు ఇస్తూ వచ్చారు. రైతు పరిహారం అడగవచ్చు గానీ, లైను వద్దని ఆపడం దాదాపు అసాధ్యం. పరిహారం విషయంలో కేంద్రం 2015లో టవర్ కింది నేలకు భూమి విలువలో 85 శాతం, లైను కింది పట్టీకి 15 శాతం మించకుండా అని మార్గదర్శకాలిచ్చి, 2024 జూన్‌లో వాటిని 200 శాతానికీ, 30 శాతానికీ పెంచింది. రాష్ట్రం దాన్ని ఎంతవరకు అమలు చేస్తుందన్నది ప్రతి రైతూ అడిగి తెలుసుకోవలసిన సంగతి.

లైను కింద బతకడం ఎలా ఉంటుందో ఒక కాకర పందిరి దగ్గర నేను చూశాను. లైను కిందే పొడుగునా జీఐ తీగలు లాగి, ఎండిన కొయ్యల మీద పందిరి వేశాడు ఒక రైతు. కొయ్యలు పొడిగా ఉన్నంతకాలం ఆ తీగలకు నేలతో సంబంధం లేదు, పై లైను నుంచి వాటిలోకి వోల్టేజీ ఎక్కుతోంది. కాయలు కోసే ఆడవాళ్ళు తీగ తగిలినప్పుడల్లా వేళ్ళు జివ్వుమంటున్నాయని పనికి రావడం మానేశారు. పందిరి తీగలన్నీ కలిపి ఒక ఇనుప కడ్డీకి కట్టి, ఆ కడ్డీని తడి నేలలోకి దించాం, అంతటితో సరిపోయింది. లైను వేసిన రోజునే ఆ మాట అతనికి చెప్పి ఉంటే సగం కోత పోయేది కాదు. రైలు పట్టాలకు సమాంతరంగా లాగిన కంచెలకూ, బట్టలారేసే తీగలకూ ఇదే వర్తిస్తుంది. యార్డు డ్రాయింగులో ఎర్తింగు ప్రతి అంగుళం గీస్తారు, ప్రహరీ అవతలి మనిషి కంచె గురించి గీసేవారు లేరు.

ఇక చట్టం సంగతి. రైల్వే పనులకు 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు, కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. 1989 రైల్వే చట్టంలోని 11వ సెక్షన్ రైల్వే అవసరాలకు కావలసిన కట్టడాలు కట్టే విస్తృతమైన అధికారం ఇస్తుంది. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా నుంచి రైల్వే చట్టం కింద తీసుకునే భూములను నాలుగో షెడ్యూలులో మినహాయించారు. సొంత భూమి మీదైతే సేకరణ ప్రసక్తే లేదు. అంటే, వీధి చివర సబ్‌స్టేషన్ వస్తోందని ఇళ్ళవాళ్ళకు అధికారికంగా తెలిసే మొదటి రోజు జేసీబీ వచ్చిన రోజే కావచ్చు. దేశమంతా కలిసి నడిచే రైల్వేకు ప్రతి పంచాయతీ దగ్గరా అనుమతి తీసుకొమ్మంటే పని సాగదని నాకు తెలుసు, ఆ మినహాయింపులు ఎత్తేయమని నేను అడగడం లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. అందులో 4(1)(సి) సెక్షన్ ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాల వివరాలను ప్రకటించమంటుంది, 4(1)(డి) ఆ నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు చెప్పమంటుంది. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే చేయవలసిన పని అది.

ఆ సెక్షన్లను ఆధారం చేసుకుని నేను అడిగేది పెద్దదేమీ కాదు. స్థలం ఖాయం కాకముందు, చూసిన స్థలాలన్నిటినీ, కనీసం రెండు మూడింటినైనా, ఒకే కాగితం మీద పెట్టాలి. ఒక్కోదానికి దగ్గరి ఇంటి గోడ ఎన్ని మీటర్లు, 100 మీటర్ల లోపల ఎన్ని ఇళ్ళు, టవర్ లైను పొడవెంత, అది ఎవరి నేలల మీదుగా వస్తుంది, వాన నీళ్ళు ఎటు పోతాయి, ఫైరింజన్ దారి ఉందా, జరపడం వల్ల తీగ చివర వోల్టేజీ ఎంత తగ్గుతుంది, ఖర్చు ఎంత పెరుగుతుంది అన్నవి రాయాలి. ఆ కాగితాన్ని తెలుగులో, మ్యాపుతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీదా, స్టేషన్ బుకింగ్ కిటికీ పక్కనా నెల రోజులు అంటించాలి. వచ్చిన అభ్యంతరాలకు జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి. తుది నిర్ణయం రైల్వేదే. ఆ నిర్ణయం కొన్నిసార్లు ఇళ్ళ పక్కనే పడవచ్చు కూడా. అప్పుడు ప్రహరీ వైపు శబ్దం ఆపే గోడ, ట్రాన్స్‌ఫార్మర్లను పట్టాల వైపుకు జరపడం, తక్కువ మోత చేసే యంత్రం కొనడం, చివరి కొద్ది దూరం లైనును భూగర్భ కేబుల్‌గా తేవడం వంటివి టెండరుకు ముందే అడగవచ్చు. కేబుల్ ఓవర్‌హెడ్ లైను కంటే ఎన్నో రెట్లు ఖరీదు, మొత్తం దూరానికి అడగడం న్యాయం కాదు; ఇళ్ళ నడుమ సాగే ఆ కాస్త దూరానికి అడగడంలో తప్పు లేదు.

మన కాలనీ సంఘాలకు కూడా ఒక మాట చెప్పాలి. ‘ఇక్కడ వద్దు, ఇంకెక్కడైనా పెట్టుకోండి’ అని వినతిపత్రం రాసేటప్పుడు, ఆ ఇంకెక్కడో ఉన్న మనుషులు ఎవరో కూడా రాయాలి. ఎమ్మెల్యే దగ్గరికి పది కార్లలో వెళ్ళగలిగిన కాలనీ స్థలం మార్పించుకుంటే, ఆ యార్డు మూడు కిలోమీటర్ల అవతల, ఎవరి దగ్గరికీ వెళ్ళలేని పల్లె పక్కకు చేరుతుంది. అది గెలుపు అని నేను అనుకోలేను. అందుకే నాకు పలుకుబడి మీద కంటే ఆ కాగితం మీద నమ్మకం ఎక్కువ: అందులో మన వీధికీ, ఆ పల్లెకూ ఒకే కొలత ఉంటుంది. మన వీధి దగ్గరే నిజంగా తక్కువ నష్టమని ఆ కొలత చెబితే, రక్షణలన్నీ రాయించుకుని ఒప్పుకోవాలి.

మంచి స్థలం దొరికి, ఇళ్ళకు దూరంగా కట్టిన తర్వాత కూడా పని పూర్తి కాదు. తిరుపతి చుట్టుపక్కల ఖాళీ నేల ఎంతకాలం ఖాళీగా ఉంటుందో మనందరికీ తెలుసు. సబ్‌స్టేషన్ కోసం వేసిన రోడ్డే లేఅవుట్‌కు దారి అవుతుంది. రాళ్ళు పాతేవాడు బ్రోచర్‌లో టవర్లను చూపించడు. కొన్నేళ్ళకు అక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి ఇదే మోత గురించి ఇదే ఫిర్యాదు చేస్తాడు, ముందునుంచీ ఉన్నది యార్డే కదా అని అతనికి జవాబు వస్తుంది. అందువల్ల స్థలం ఖాయమైన రోజునే యార్డు చుట్టూ కొంత మేర ఇళ్ళకు అనుమతి లేని పట్టీని, లైను కింది 27 మీటర్ల దారిని పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లానులో గుర్తించాలి. ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొనేవాడికి కనబడాలి. ఆ పట్టీలో పట్టా భూమి ఉన్నవాళ్ళకు ఆ ఆంక్షకు తగిన పరిహారం స్థలం ఖర్చులోనే కలిపి ఇవ్వాలి. జంట లైను పనులకు సర్వే రాళ్ళు పడుతున్న ఈ కాలంలోనే పాకాల, చిత్తూరు వైపు ఊళ్ళవాళ్ళు తమ పంచాయతీల ద్వారా ఈ రెండు కాగితాలూ, అంటే స్థలాల పోలిక పట్టికా, మాస్టర్ ప్లాను గుర్తింపూ, రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది. దరఖాస్తు నమూనా కావలసినవాళ్ళకు రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.